తడి ఆరాక

షట్టరు ఇంకా సగమే ఎత్తాను,
కిందనుంచి రెండు రబ్బరు చెప్పులు కనబడ్డాయి.
మల్సున్ అవ్వ.
బూసాన్‌లో, యోంగ్దో రేవులో, ముప్పై ఏళ్ళు
ఓడల పొట్టలకు వేలాడి తుప్పు కొట్టిన మనిషి.
ఆ సుత్తుల మోతకి చెవులు సగం పోయాయి,
అందుకే వీధంతా వినబడేలా అడిగింది:
"ఇదిగో మందులమ్మాయీ, నా మొహం ఎవరు కాల్చారు?"

ముసుగు గుడ్డ తీసింది.
బుగ్గలు పండుమిరపతొక్కు పూసినట్టున్నాయి,
ముక్కు పక్కన ఉల్లిపొరలా పొట్టు లేస్తోంది,
మాట్లాడుతుంటేనే పెదవి మూల చిట్లింది.

సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద నిలబెట్టింది.
డెబ్బై ఆరో పుట్టినరోజుకి
సోల్ నుంచి మనవరాలు హేరిమ్ పంపినవి.
రెటినాల్. గ్లైకాలిక్ ఆమ్లం. విటమిన్ సి.
పేరు చదవబోతే నాలుక మడతపడేవి ఇంకో రెండు.
"రోజూ రాత్రి అన్నీ రాశాను.
పిల్ల డబ్బు పోసి కొంది, మూలన పెడితే మురిగిపోవూ?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.
దేనికది మంచిదే అవ్వా, అన్నాను.
ఒకటి పాత చర్మాన్ని వదులు చేస్తుంది,
ఒకటి కొత్తదాన్ని తొందరపెడుతుంది,
రెండూ ఒకే రాత్రి ఒకే చెంప మీద పనికి దిగితే
కూలి మాత్రం చెంపే కట్టాలి.

వినలేదు. చెవి వల్ల కావచ్చు.
కాగితం తీసి వారానికి ఏడు గళ్ళు గీస్తున్నాను,
మూడో గడి మీద ఆమె చూపుడు వేలు పడింది,
గోరు లేని వేలు.

"ఆగు. ఓడకీ ఇంతే.
సుత్తి పట్టిన రోజు
రంగు డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు మా మేస్త్రీ.
తుప్పు రాలిన ఇనుము పచ్చిపుండు అనేవాడు.
కడగాలి. ఆరాలి. ఎర్ర ప్రైమరు ఒక చేయి వేయాలి.
మళ్ళీ ఆరాలి, గోటితో గీకి చూడాలి.
ఒకసారి వాన ముంచుకొస్తోందని
కొట్టడం, కడగడం, పూయడం అన్నీ ఒక్క పూటలో కానిచ్చాం.
మూడో నెలకి ఒళ్ళంతా బుడగలు లేచి
తిరిగొచ్చింది ఆ ఓడ.
కూలి లేకుండా మళ్ళీ కొట్టాం."

కాసేపు ఇద్దరం సీసాల వంక చూశాం.

"అయితే ఈ ఆమ్లం సుత్తి."
అవును.
"రెటినాల్?"
అదీ సుత్తే, మోత వినబడనిది.
"ఈ తెల్ల క్రీము ప్రైమరు. పగటి ఎండకి రాసేది పై రంగు."
నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.
మందుల పేర్లు కొట్టేసి
గళ్ళలో పెద్ద అక్షరాలతో తన పేర్లు రాసుకుంది.

రెండు వారాలు సుత్తులన్నీ మూట కట్టెయ్, అన్నాను.
నీళ్ళు, తెల్ల క్రీము, పగలు పై రంగు, అంతే.
మంట పూర్తిగా చల్లారాక ఒక్కటే తియ్యి,
ముందు చెవి వెనక చుక్క పెట్టి
రెండు మూడు రోజులు కనిపెట్టు.
రెటినాలైతే వారానికి రెండు రాత్రులు,
ముఖం బాగా ఆరాక, బఠాణీ గింజంత.
అది అలవాటైతేనే ఆమ్లం, వేరే రాత్రి.
నడుమ ఖాళీ రాత్రులుండాలి.
విటమిన్ సి ఆఖరున, పొద్దుటి పూట.
"ఖాళీ రాత్రుల్లో ఏం చెయ్యను?"
పడుకో.

అంతలో ఫోను మోగింది, హేరిమ్.
అవ్వ అరిచిన అరుపుకి
గాజు బీరువాలో దగ్గుమందు సీసాలు గణగణమన్నాయి:
"ఇప్పుడేమీ రాయడం లేదే! మొహం డాక్‌లో ఉంది!"

చలి తగ్గేవేళకి మళ్ళీ వచ్చింది.
ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి,
ముప్పై ఏళ్ళ ఉప్పుగాలి గీసినవి ఎక్కడికి పోతాయి?
ఎరుపు లేదు. పెదవి చిట్లకుండా నవ్వింది.
ఎండ క్రీము ట్యూబుని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి
పెదవి విరిచింది,
"ఇది బకెట్ల లెక్కన దొరకదూ?"